మధ్యాహ్నం ఆగే బూస్టర్, రోజూ తెగే ఓ-రింగు: సీఎన్‌జీ బంకు మరమ్మతులపై ఒక సమాధానం

శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట, టెక్కలి మధ్య జాతీయ రహదారి మీద సీఎన్‌జీ బంకు చూసుకుంటున్న మేనేజరు గారి ప్రశ్న క్లుప్తంగా ఇది. బంకుకు పైపులైను లేదు. గ్యాస్ క్యాస్కేడ్ లారీలో, అంటే సిలిండర్ల కట్ట మోసే బండిలో వస్తుంది, దాని ఒత్తిడిని బూస్టర్‌తో పెంచి బండ్లకు పడతారు. ఎనిమిది నెలలుగా మధ్యాహ్నం ఒంటిగంట దాటితే బూస్టర్ ఆగిపోతోంది. నాజిల్ రోజు విడిచి రోజు కారుతోంది. కార్లకు గ్యాస్ ఒత్తిడి 170 బార్ దాటి ఎక్కడం లేదని గొడవ. మెకానిక్ విశాఖపట్నం నుంచి వచ్చేసరికి రెండు రోజులు. యంత్రం అమ్మినవారు కరెంటు బాగాలేదంటారు, ఎలక్ట్రీషియన్ యంత్రమే బాగాలేదంటాడు. బూస్టర్ మార్చమని పైవాళ్లకు ఉత్తరం రాయమంటారా అని అడిగారు.

ఇప్పుడే రాయకండి. కొత్త బూస్టర్ వచ్చినా మీ బాధల్లో సగం అక్కడే ఉంటాయి, ఆపైన మీ మాటకు విలువ పోతుంది.

ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా కంప్రెసర్ల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. పధ్నాలుగేళ్లుగా గ్యాస్ కంప్రెసర్లతోనే బతుకుతున్నాను. మొదట కాకినాడ, విజయవాడ వైపు చేశాను, ఇప్పుడు ఉంటున్నది విజయనగరంలో. మీరు ఒకే జబ్బు అన్నట్టు రాసినవి నాకు నాలుగు వేర్వేరు జబ్బులుగా కనిపిస్తున్నాయి. వాటిలో రెండింటికి బూస్టర్‌తో సంబంధమే లేదు. ఏది ఏదో విడదీయకుండా యంత్రం విప్పితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

మందు కన్నా ముందు ఒక పుస్తకం పెట్టండి. మీ బంకులో లాగ్ పుస్తకం ఉండే ఉంటుంది, అందులో "బూస్టర్ ఆగింది, మళ్లీ వేశాము" అని రాసి ఉంటుంది. అది పనికిరాదు. యంత్రం ఆగినప్పుడు ప్యానెల్ మీద ఒక్కోసారి ఆరేడు అలారాలు వరుసగా పడతాయి. ఆపరేటర్ కంటికి కనబడేది చివరిది, కారణం మొదటిది. ఆయిల్ వేడెక్కి మోటారు ఆగితే ఆ వెంటనే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు "ఆయిల్ ఒత్తిడి తక్కువ" అని కూడా చూపిస్తుంది. దాన్ని చూసి ఆయిల్ పంపు మార్పించినవాళ్లను నేనెరుగుదును. అలారం చరిత్రలోకి వెళ్లి సమయాల వరుసలో మొట్టమొదట పడినదాన్ని రాయండి. దాని పక్కన ఆ నిమిషంలో లారీ వైపు ఒత్తిడి, బయటికి వెళ్లే ఒత్తిడి, ఆయిల్ ఉష్ణోగ్రత, మూడు ఫేజుల వోల్టేజీ రాయండి. బోర్డు ఫొటో తీయమనండి, రీసెట్ బటన్ నొక్కేది ఆ తరువాతే. పది రోజులు చేస్తే చాలు, పుస్తకమే మాట్లాడుతుంది.

ఇక మధ్యాహ్నపు జబ్బు. రోజూ ఒకే వేళకు ఆగిపోయే యంత్రం లోపల ఏదో విరిగిందని నేను నమ్మను. విరిగినదానికి ఉదయం, మధ్యాహ్నం తేడా తెలియదు. వేళ తెలిసినవి మూడే: ఎండ, కరెంటు, లారీ.

ఎండ సంగతి ఒక అనుభవంతో చెబుతాను. పలాస దగ్గర ఒక బంకులో అచ్చం మీ లక్షణాలే. ఉదయం ఆయిల్ 48 డిగ్రీలు, మధ్యాహ్నం రెండింటికి 68 దాటి ట్రిప్, అంటే యంత్రం తనను తాను ఆపేసుకోవడం. అంతకుముందు వచ్చిన మెకానిక్ ఉష్ణోగ్రత సెన్సర్ మార్చాడు, ఫ్యాను మోటారు మార్చాడు, ఆయిల్ కూడా మార్చాడు. నేను వెళ్లేసరికి ఆయిల్‌ను చల్లబరిచే రేడియేటర్ పైకి శుభ్రంగానే ఉంది, వారం వారం గాలి కొడుతున్నామని కుర్రాళ్లు చెప్పారు. ఒక కుర్రవాణ్ణి టార్చిలైటుతో అవతలి వైపు నిలబెట్టి ఇటు నుంచి చూశాను. వెలుతురు రావలసిన చోట నాలుగింట మూడొంతులు చీకటి. సన్నటి ఇనుప రేకు ముక్కను రెక్కల మధ్య పెట్టి లాగితే నల్లటి జిగురు ముద్ద వచ్చింది. ముక్కుకు ఆనించగానే అర్థమైంది, జీడి తొక్కల పొగ. చుట్టూ జీడి పరిశ్రమలు, బాయిలర్లలో పిక్కల తొక్కలే వంటచెరకు. ఆ తొక్కలో నూనె ఉంటుంది, పొగతో పాటు వచ్చి చల్లబడిన చోట జిగురులా అంటుకుంటుంది. దాని మీద రోడ్డు ధూళి, కోతల రోజుల్లో ఎగిరిన ఊక. అలాంటిదానికి గాలి కొడితే పై దుమ్ము పోయి జిగురు ఇంకా లోపలికి వెళుతుంది.

యంత్రం ఆపి, కరెంటు తీసి తాళం వేసి, పూర్తిగా చల్లారాక, జిడ్డు విరిచే సబ్బు ద్రావణం పట్టించి అరగంట నాననిచ్చాం. తరువాత ఫ్యాను గాలి వెళ్లే దిక్కుకు ఎదురుగా మామూలు గొట్టంతో నీళ్లు పెట్టాం. బండ్లు కడిగే ప్రెషర్ పంపు వాడకూడదు, రెక్కలు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. నాలుగు సార్లు కడిగితే గానీ టార్చి వెలుతురు ఇవతలికి రాలేదు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆయిల్ 57. సెన్సరు, మోటారు, ఆయిల్ కోసం అంతకుముందు పెట్టిన ఖర్చంతా వృథా. మీ దగ్గర జీడి పొగ లేకపోవచ్చు. కానీ సరుగుడు ఆకులు, వరి ఊక, హైవే ధూళి లేవని అనకండి. ఈ టార్చిలైటు పరీక్షకు ఖర్చు లేదు, మెకానిక్ అక్కర్లేదు, రేపే చేయండి. రేడియేటర్ నుంచి వచ్చిన వేడిగాలి గోడకు తగిలి మళ్లీ అందులోకే వెళుతోందేమో కూడా చూడండి. నీడ కోసమని యంత్రం వెనక రేకులు కొట్టి, గాలి దారి మూసిన బంకులు రెండు చూశాను.

కరెంటు గురించి ఇద్దరూ కొట్టుకుంటున్నారు కదా, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉండవచ్చు. మధ్యాహ్నం వోల్టేజీ తగ్గితే అదే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. అసలే ఎండ, ఆపైన ఇది, మూలిగే నక్క మీద తాటిపండు. మూడు ఫేజుల మధ్య తేడా ఉంటే ఇంకా చెడ్డది, రెండు మూడు శాతం తేడా కూడా మోటారుకు భారమే. అందుకే పుస్తకంలో మూడు ఫేజులూ విడివిడిగా రాయమన్నాను. అయితే నేను ఎక్కువసార్లు చూసింది ఇంకొకటి. కరెంటు అరక్షణం మినుకుమంటుంది, దీపాలు కూడా ఆరవు, కానీ బూస్టర్ కంట్రోల్ ప్యానెల్ మొత్తం ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. వాల్వులన్నీ మూసుకుని, పరీక్షలన్నీ చేసుకుని, మళ్లీ ఒత్తిడి కట్టేసరికి ఇరవై నిమిషాలు. దానికి కారణం ప్యానెల్‌కు పెట్టిన చిన్న యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉండటం. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తీరిక వేళ మెకానిక్ సమక్షంలో యూపీఎస్‌కు వచ్చే కరెంటు తీసి చూడండి. పది నిమిషాలు నిలబడకపోతే బ్యాటరీ మార్చండి. వేసవిలో ఎర్త్ గోతుల్లో నీళ్లు పోయించడం కూడా మరిచిపోవద్దు, ఎండిన గొయ్యి ఉన్నా లేనట్టే.

ఇక లారీ. దీన్ని జబ్బు అనకూడదు, లెక్క అనాలి. క్యాస్కేడ్ లారీ నిండుగా వచ్చినప్పుడు అందులో 200 బార్‌కు పైనే ఉంటుంది. సిలిండర్లన్నీ కలిపి 3000 లీటర్ల నీటి పరిమాణం ఉన్న బండి అయితే సుమారు 450, 500 కిలోల గ్యాస్. సాయంత్రానికి అది 40 బార్‌కు దిగుతుంది. బూస్టర్ పిస్టన్ ఒక్కో దెబ్బకు లాగే చోటు మారదు, అందులో పట్టే గ్యాస్ మారుతుంది. అదే గరిటె, కానీ పప్పు పలచబడింది. 200 దగ్గర ఒక్క దెబ్బకు వచ్చిన గ్యాస్, 40 దగ్గర ఐదు దెబ్బలు వేస్తే గానీ రాదు. దెబ్బలు పెరిగితే ఆయిల్ వేడి, వేడితో ట్రిప్, బయట క్యూ. "ఉదయం బాగుంది, సాయంత్రం నెమ్మదించింది" అని ఆపరేటర్ చెప్పేది నిజమే, కానీ యంత్రం తప్పు కాదు. రద్దీ వేళ మొదలవకముందే నిండు లారీ వచ్చి నిలబడేలా లారీ గ్యాస్ నింపుకునే మదర్ స్టేషన్‌తో సమయం మాట్లాడుకోండి. మీ బంకులో ఆటోల రద్దీ మధ్యాహ్నం భోజనాల తరువాత, సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య ఉంటుందని ఊహిస్తున్నాను. ఆ వేళలో లారీ అడుగంటి ఉంటే ఏ కంపెనీ బూస్టర్ పెట్టినా ఇంతే. పుస్తకంలో ట్రిప్ అయిన ప్రతిసారీ లారీ ఒత్తిడి 50 కన్నా తక్కువ కనిపిస్తే, మీరు రాయవలసిన ఉత్తరం రవాణా విభాగానికి.

170 దగ్గర ఆగిపోవడం వేరే కథ. ముందు డ్రైవర్లకు చెప్పుకోవలసిన మాట ఒకటి ఉంది. మన దగ్గర బండి సిలిండరు పని ఒత్తిడి 200 బార్. గ్యాస్ వేగంగా పట్టినప్పుడు సిలిండరులో వేడెక్కుతుంది, ముల్లు 200 చూపిస్తుంది. టెక్కలి చేరి చల్లబడేసరికి అదే గ్యాస్ 175, 180 చూపిస్తుంది. గ్యాస్ ఎక్కడికీ పోలేదు. ఎండలో నిలబెట్టిన కారుకు ఇది మరీ ఎక్కువ. అందుకే గేజ్ ముల్లుతో కాక కిలోలతో మాట్లాడటం డ్రైవర్లకు అలవాటు చేయండి. 60 లీటర్ల కారు సిలిండరుకు ఖాళీ నుంచి ఎనిమిది, తొమ్మిది కిలోలు ఎక్కితే దాదాపు నిండినట్టే.

కానీ మీ ఫిర్యాదు పంపు దగ్గరే 170 దాటడం లేదని. అప్పుడు డిస్పెన్సర్‌ను, అంటే బండికి గ్యాస్ పట్టే పంపును, తిట్టే ముందు నిల్వ సిలిండర్ల వైపు చూడండి. మీ దగ్గర మూడు వరసలుంటాయి: లో, మీడియం, హై. ఖాళీ బండికి మొదట లో వరస నుంచి, తరువాత మీడియం నుంచి, చివర హై నుంచి పడుతుంది. బండిని 200 దాకా తోసేది హై వరస మాత్రమే. బండి తగిలించక ముందే హై వరస గేజ్ 190 చూపిస్తుంటే డిస్పెన్సర్ ఏం చేయగలదు? నీళ్లు పైనుంచి కిందికే పారుతాయి.

హై వరస ఎందుకు నిండటం లేదో తెలుసుకోవడానికి రాత్రి పరీక్ష ఒకటి ఉంది. మీది రాత్రి పదకొండుకు మూసే బంకు అయితే సుళువు. మూసేటప్పుడు మూడు గేజులూ రాసుకోండి, తెల్లవారి తెరవక ముందు మళ్లీ రాసుకోండి. చలికి మూడూ కొద్దిగా దిగుతాయి, ఈ ఒత్తిడి దగ్గర డిగ్రీకి ఒకటి, ఒకటిన్నర బార్ తగ్గడం సహజమే. మూడూ సమంగా పది బార్ దాకా దిగితే కంగారు పడకండి. హై దిగి, లో పెరిగి ఉంటే మాత్రం లోపల ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని అర్థం. హై వరస గ్యాస్ రాత్రంతా మెల్లగా లో వరసలోకి జారుతోంది. అది ఏ వరస ముందు నింపాలో చూసే ప్రయారిటీ ప్యానెల్‌లోనో, తిరిగి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వులోనో ఉంటుంది, లోపల ఒక చిన్న సీలు చాలు దానికి. ఏ ఒక్క వరస మాత్రమే బాగా దిగినా బయట ఎక్కడో కారుతోంది, లేదా సేఫ్టీ వాల్వు సన్నగా ఊదుతోంది. రాత్రి, పొద్దున రాసుకున్న ఈ అంకెలు ఫోనులో చెబితే మెకానిక్ సరైన సామాను పట్టుకుని వస్తాడు. లేకపోతే ఒకసారి చూడటానికి, మరోసారి సామానుతో రావడానికి. మీరు రాసిన రెండు రోజులు నాలుగవుతాయి.

నాజిల్ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. చీపురుపల్లి వైపు ఒక బంకులో నాజిల్ మూతికి గ్యాస్ కారకుండా వేసే రబ్బరు ఓ-రింగు రోజూ తెగిపోయేది. రింగులు నాసిరకం అని ఒకసారి, గ్రీజు తప్పని ఒకసారి, నాజిల్ అరిగిందని ఒకసారి మార్చాం. కొత్త నాజిల్‌కు కూడా మూడో రోజు రింగు తెగింది. తెగిన రింగులన్నీ ఒక అగ్గిపెట్టెలో దాచమన్నాను. వారం తరువాత వరుసగా పెట్టి చూస్తే అన్నింటికీ ఒకే చోట, ఒకే వాలులో, బ్లేడుతో గీసినట్టు గాటు. అరుగుదల అలా ఉండదు, అరిగితే చుట్టూ సమంగా అరుగుతుంది. ఇది ఏదో కోస్తోంది. పంపు దగ్గర ఉన్న అబ్బాయి, పదో తరగతి చదివిన కుర్రవాడు, మర్నాటి నుంచి ప్రతి బండి తరువాత వేలితో రింగు తడిమి చూశాడు. మధ్యాహ్నానికి పట్టేశాడు. ఒక ఆటో. దాని గ్యాస్ పట్టే మూతి అంచు ఎక్కడో గుద్దుకుని సన్నగా పొడుచుకు వచ్చి ఉంది, నాజిల్ దూర్చిన ప్రతిసారీ రింగును కోసేది. ఆ ఆటో రోజూ ఒకసారి వచ్చేది, మా రింగు రోజూ ఒకసారి తెగేది. ఆయన పాపం ఏమీ ఎరగడు. షోరూమ్‌కు పంపి మూతి మార్పించుకున్నాక ఒక రింగు ఇరవై రోజులు నడిచింది.

కాబట్టి మీరు కూడా తెగిన రింగులు పారేయకండి. ఒకే చోట గాటు ఉంటే బండిని వెతకండి. ఉబ్బి మెత్తబడితే గ్యాస్‌తో ఆయిల్ వస్తోంది, లేదా ఎవరో తప్పుడు గ్రీజు రాశారు. పెళుసై చిట్లితే పాత సరుకు, లేదా చలికి తట్టుకోని రకం రబ్బరు. చలి అంటే శ్రీకాకుళంలో చలి ఏమిటనుకోకండి. 250 బార్ నుంచి ఖాళీ సిలిండరులోకి దూకే గ్యాస్ బాగా చల్లబడుతుంది, నాజిల్ చుట్టూ తెల్లటి మంచు పేరుకుంటుంది. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా దట్టంగా కనబడుతుంది.

ఆ మంచును చూసి కుర్రాళ్లు భయపడుతుంటారు. నాజిల్ బయట కనిపించే మంచు గాలిలోని తేమ, దానివల్ల ఏ నష్టమూ లేదు. భయపడవలసింది కనబడని మంచుకు. గ్యాస్‌లోనే తేమ ఉంటే ఎక్కువ ఒత్తిడిలో నీరూ మీథేనూ కలిసి మంచులాంటి గడ్డ కడతాయి, అది సున్నా డిగ్రీలకు పైన కూడా కట్టగలదు. ఫిల్టరులోనో, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వు సన్నటి రంధ్రంలోనో అడ్డం పడి, గ్యాస్ పడుతూ పడుతూ ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే కరిగి మళ్లీ పడుతుంది. ఇలా ఆగి, తనంతట తానే బాగుపడే డిస్పెన్సర్ మీదైతే ఫిల్టరు నుంచి ఏం కారుతోందో చూడండి. నీళ్లు కారితే తప్పు మదర్ స్టేషన్‌లో గ్యాస్ ఆరబెట్టే డ్రయ్యర్‌ది, మీది కాదు. తొందరపడి నిప్పు సెగ చూపించబోకండి. అలా చేయబోయిన మనిషి చేతిలోంచి నేను లైటర్ లాక్కున్నాను, అందుకే రాస్తున్నాను.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను: నెలకు ఎన్ని లీటర్ల ఆయిల్ కలుపుతున్నారు? ఆయిల్ ఒత్తిడితో పిస్టన్ నడిచే హైడ్రాలిక్ బూస్టర్‌లో ఆయిల్ తగ్గుతూ, కింద నేల మీద చుక్క కూడా కనిపించకపోతే, అది పిస్టన్ సీళ్లు దాటి గ్యాస్‌లో కలుస్తోందన్నమాట. చివరకు ఆటోల రెగ్యులేటర్లలో తేలుతుంది, ఆటోవాళ్లు మెకానిక్ షెడ్డు రసీదులతో మీ మీదకు వస్తారు. షిఫ్టుకోసారి ఫిల్టరు డ్రెయిన్ తెరిచి, వచ్చినదాన్ని గ్లాసులో పట్టి కొలిచి రాయించండి. వారం వారం అది పెరుగుతుంటే సీళ్లు ఇక ఎన్నాళ్లో ఉండవని మీకు ముందే తెలుస్తుంది. ఇక్కడ చెప్పిన వాటన్నిటిలో నిజంగా బూస్టర్ విప్పవలసిన అవసరం కల్పించేది ఇదొక్కటే.

ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడాలి. మీ ప్రశ్న చివర "గ్యాస్ డిటెక్టర్ ఊరికే మోగుతుంటే తాత్కాలికంగా వైరు కలిపేశాం" అని ఒక వాక్యం రాశారు. డిటెక్టర్ మోగకుండా కలిపిన ఆ వైరును ఇవాళే తీసేయండి. నా సమాధానం మిగతాది చదవకపోయినా పరవాలేదు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది. చాలా బంకుల్లో డిటెక్టర్ ఆ కింది హద్దులో ఐదో వంతుకే, అంటే గాలిలో ఒక శాతం గ్యాస్ ఉన్నప్పుడే కూతపెట్టేలా ఉంటుంది. తప్పించుకోవడానికి మనకిచ్చిన సమయం అదే. ఊరికే మోగుతోందంటే దానికీ కారణం ఉంటుంది. లోపల సాలెగూడు పట్టవచ్చు, వానాకాలం తేమ చేరవచ్చు. పాత రకం సెన్సర్లకు సిలికాన్ స్ప్రే తగిలితే ఇంకా ప్రమాదం, అవి మోగడం మానేస్తాయి, గ్యాస్ ఉన్నా కూడా. బూస్టర్ గదిలో ఎవరూ సిలికాన్ స్ప్రే వాడకుండా చూడండి. నిజంగా సన్నగా కారుతూ ఉండటానికీ అవకాశం ఉంది. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు కింద చేరుతుంది, నేల దగ్గర నిలబడ్డ మనిషి ముక్కుకు వాసన అందకపోవచ్చు. సబ్బు నీళ్లు పట్టుకుని పైనున్న కీళ్లు ముందు చూడండి.

కారుతున్న కీలు దొరికితే స్పానర్ తీసుకుని బిగించకండి. ఒత్తిడి ఉండగా బిగించిన కీలు ఊడివస్తే 250 బార్‌తో వచ్చే ఇనుప ముక్క తూటాతో సమానం. చెయ్యి అడ్డం పెట్టి ఎక్కడ కారుతోందో చూడటం కూడా అంతే తప్పు, సూదిలాంటి గ్యాస్ ధార చర్మంలోకి దిగుతుంది. వాల్వు మూయాలి, లైను ఖాళీ చేయాలి, గేజ్ సున్నా చూడాలి, అప్పుడు స్పానర్. అదీ మీ మనిషి కాదు. చాలా డీలర్ బంకుల్లో బూస్టరు, క్యాస్కేడు, డిస్పెన్సరు గ్యాస్ కంపెనీ ఆస్తి, మీరు నడిపేవారు మాత్రమే. మీ ఒప్పందం తీసి చూడండి. డిస్పెన్సర్ మీటరుకు తూనికలు కొలతల శాఖ వేసిన సీలు ఉంటుంది, దాన్ని ముట్టుకుంటే మరమ్మతు కాస్తా కేసు అవుతుంది.

సముద్రానికి దగ్గర కాబట్టి ఇంకో చిన్న మాట. స్టెయిన్‌లెస్ గొట్టం తుప్పు పట్టదని ధీమాగా ఉండకండి. క్లాంపు కింద ఉప్పు తేమ నిలిచిన చోట చిన్న చిన్న గుంతలు పడతాయి, క్లాంపు విప్పితే గానీ కనబడవు. తనిఖీకి వచ్చినవారిని ఏడాదికోసారి నాలుగైదు క్లాంపులు విప్పించి చూపించమనండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు లారీ గొట్టం విప్పి, నిల్వ వరసల చేతి వాల్వులు మూసేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో మీ ప్రాంతంవారికి నేను చెప్పనక్కర్లేదు.

మెకానిక్ ఆలస్యానికి నా దగ్గర మంత్రం లేదు. కానీ "బూస్టర్ ఆగింది, రండి" అనే ఫోనుకూ, "మొదటి అలారం ఆయిల్ ఉష్ణోగ్రత, 69 డిగ్రీలు, లారీ 44, వోల్టేజీ 395, 402, 388, రేడియేటర్ నిన్ననే కడిగాం" అనే ఫోనుకూ వచ్చే స్పందన వేరు. రెండో ఫోనుకు సగంసార్లు మనిషి రాకుండానే పని అవుతుంది. ఈలోగా గ్యాస్ కంపెనీని అడిగి మీ బంకులోనే ఒక చిన్న పెట్టె పెట్టించుకోండి: నాజిల్ రింగులు అన్ని కొలతల్లో, ఒక అదనపు నాజిల్, రెండు సోలెనాయిడ్ కాయిళ్లు, ఫిల్టర్లు, ఒత్తిడి కొలిచి ప్యానెల్‌కు పంపే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ ఒకటి, యూపీఎస్ బ్యాటరీ. గోటితో పోయే దాని కోసం విశాఖ నుంచి గొడ్డలి రావలసిన అవసరం ఉండదు. వచ్చే ఒప్పందంలో మెకానిక్ ఎన్ని గంటల్లో రావాలో అంకెతో రాయించండి, "త్వరితగతిన" అన్న మాట ఉంటే కొట్టేయించండి.

ఇక మీరు చేయవలసిన వరస: ఇవాళ డిటెక్టర్ మోగకుండా కలిపిన వైరు తీయడం, రేపు పొద్దున్నే టార్చిలైటు, ఈ రాత్రి నుంచి మూడు గేజులు. రేడియేటర్ కడిగిన మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆయిల్ ఎంత చూపించిందో, ఆ నిమిషంలో లారీలో ఎంత ఉందో రెండూ కలిపి ఇక్కడ రాయండి. తెగిన రింగు ఒకటి ఫొటో తీసి పెట్టండి, పక్కన ఒక రూపాయి బిళ్ల ఉంచి.